బేబీ సీటు మన కారులో సరిగ్గా పడుతుందా?

కాంపాక్ట్ ఎస్‌యూవీలు, క్రాసోవర్లు ఉన్నవాళ్లు చైల్డ్ సీట్ల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మాది నాలుగు మీటర్ల లోపు క్రాసోవర్. బాబుకి నాలుగేళ్లు, పాపకి పది నెలలు. ఇద్దరికీ సీట్లు పెడితే మధ్యలో మా అత్త కూర్చోవాలి. షోరూంలో అడిగితే "హాయిగా పడతారండీ" అన్నారు. నిజంగా పడతారా? సీట్లు కొనకముందే తెలుసుకునే దారి ఉందా? ఇంకా పెద్ద కారుకి మారాల్సిందేనా?
(ఓ తల్లి, మాగుంట లేఅవుట్, నెల్లూరు)

జవాబు: రెండు సీట్ల మధ్య పెద్దమనిషి పట్టే కార్లు తక్కువే. మీ కారు సంగతి మాత్రం ఒక టేపుతో ఇంటి ముందే తేల్చుకోవచ్చు.

పెద్ద కారు కొంటే వెనక సీటు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు. బ్రెజా పొడవు 3,995 మి.మీ., వెడల్పు 1,790. 2024లో వచ్చిన క్రెటా పొడవు 4,330 అయినా వెడల్పు అదే 1,790. నెక్సాన్ క్రెటా కన్నా పొట్టిది, వెడల్పు మాత్రం 1,804. పెరిగిన పొడవంతా కాళ్ల దగ్గరికీ డిక్కీలోకీ పోతుంది, భుజాల దగ్గరికి రాదు. కాబట్టి అత్తగారి కోసమే అయితే కారు మార్చాలన్న ఆలోచన ఇప్పుడే పెట్టుకోకండి.

ఇప్పుడు టేపు తీయండి. వెనక సీటు వీపు, కూర్చునే మెత్త కలిసే సందులో చెయ్యి పెడితే కుడివైపు ఒక జత, ఎడమవైపు ఒక జత ఇనుప కడ్డీలు తగులుతాయి. అవే ఐసోఫిక్స్ కడ్డీలు, అంటే చైల్డ్ సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే ఏర్పాటు. ఒక్కో జతలో ఈ కడ్డీ నడుమ నుంచి ఆ కడ్డీ నడుమకు 280 మి.మీ. ఏ కంపెనీ కారైనా ఈ కొలత మారదు. కారుకీ కారుకీ మారేది ఎడమ జతకీ కుడి జతకీ మధ్య ఉన్న దూరం. ఎడమ జతలో లోపలి కడ్డీ నడుమ నుంచి కుడి జతలో లోపలి కడ్డీ నడుమ వరకు కొలవండి. చైల్డ్ సీటు వెడల్పు 44 సెం.మీ. అనుకుంటే అది కడ్డీలను దాటి అటు 8, ఇటు 8 సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది. రెండు సీట్లకు కలిపి మధ్యలో పోయేది 16. ఉదాహరణకు మీ కొలత 46 వచ్చిందంటే అత్తగారికి మిగిలేది 30 సెం.మీ. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి తుంటి దగ్గర 40 అయినా కావాలి. పైగా ఆవిడ సీటు బెల్టు క్లిప్పు ఆ సందులోనే ఉంటుంది. అది చేతికి అందకపోతే ఆవిడ బెల్టు లేకుండా కూర్చుంటారు. బ్రేకు పడిన క్షణంలో బెల్టు లేని పెద్దమనిషి పక్కనున్న పిల్లల మీదే పడతారు. అందుకే "సర్దుకుంటాంలే" అనుకునే చోటు కాదిది.

చోటు చాలకపోతే మొదటి దారి ఇది: బాబు సీటును ఐసోఫిక్స్‌కి కాకుండా సీటు బెల్టుతో బిగించండి. ఐసోఫిక్స్‌లో సీటు కడ్డీల దగ్గరే కట్టుబడి ఉంటుంది. బెల్టుతో అయితే తలుపు వైపు మూడు నాలుగు సెంటీమీటర్లు జరపొచ్చు. మీరు కొనే సీటుకి రెండు పద్ధతులూ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, కొన్ని సీట్లు ఐసోఫిక్స్‌తో మాత్రమే పనిచేస్తాయి. రెండో దారి, వెడల్పు తక్కువున్న సీటు వెతకడం. పెట్టె మీద వెడల్పు రాసి ఉంటుంది. కాకపోతే అది అడుగు భాగం వెడల్పా, భుజాల దగ్గర రెక్కల వెడల్పా అనేది చూడాలి. అత్తగారి భుజానికి తగిలేది రెక్కలే. ఈ రెండూ కుదరకపోతే ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంట్లో సన్నగా ఉన్న మనిషి వెనక మధ్యలో కూర్చోవడమే మంచిది.

పాప సీటుకి వెడల్పు కన్నా నిడివి ముఖ్యం. పది నెలల బిడ్డ సీటు కారు వెనక వైపుకు తిరిగి ఉండాలి, అంటే బిడ్డ వీపు డ్రైవరు వైపు. అలా తిప్పి పెట్టిన సీటుకి వెనక సీటు సందు నుంచి ముందు సీటు వీపు దాకా సుమారు 70 సెంటీమీటర్లు కావాలి, ఎక్కువ వాలుగా ఉండే సీట్లకు ఇంకా ఎక్కువ. మీరూ మీ ఆయనా ముందు సీట్లను రోజూ కూర్చునే తీరుగా పెట్టుకుని అప్పుడు కొలవండి. షోరూంలో ముందు సీట్లను ఎంతో ముందుకు జరిపి ఉంచుతారు, ఆ చోటు చూసి మోసపోకండి. పొడుగు మనిషి డ్రైవరైతే పాప సీటు ఎడమవైపు పెట్టండి. ఆ తలుపు రోడ్డు అంచు వైపు తెరుచుకుంటుంది కాబట్టి ట్రంకు రోడ్డు మీద బండ్ల మధ్య నిలబడి పాపను ఎత్తుకునే బాధ కూడా ఉండదు.

ఇంకో మాట. కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో చైల్డ్ సీట్ల పట్టిక ఒకటి ఉంటుంది. ఏ సీటింగు చోటుకి ఏది పనికొస్తుందో అందులో అక్షరాలతో ఇస్తారు. 'యు' అంటే బెల్టుతో బిగించే యూనివర్సల్ (చాలా కార్లకు సరిపడేలా చేసిన) సీటు ఏదైనా సరిపోతుంది. 'యుఎఫ్' అంటే ముందుకు తిరిగినది మాత్రమే. 'ఐయుఎఫ్' అంటే ముందుకు తిరిగిన ఐసోఫిక్స్ యూనివర్సల్ సీటు. 'ఎల్', 'ఐఎల్' అంటే ఆ కారుకు కంపెనీ ఒప్పుకున్న మోడళ్లు మాత్రమే. 'ఎక్స్' ఉంటే ఆ బరువు పిల్లల సీటు అక్కడ పెట్టకూడదు. కారు కొనేటప్పుడే ఈ పేజీ అడిగి చూడండి. చైల్డ్ సీటు కొనే దుకాణంలో కూడా, కారు బయటే ఉంది కదా, పెట్టి చూసుకుని కొంటామని గట్టిగా అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.

ప్రశ్న: కొత్త కారుకి ఒంగోలులో రెక్సిన్ సీటు కవర్లు వేయించాం. ఇప్పుడు ఐసోఫిక్స్ సీటు పెడుతుంటే ఒక పక్క 'టిక్' అంటోంది, రెండో పక్క ఎంత నెట్టినా పడటం లేదు. సీటులో లోపమా, కారులోనా?
(ఓ పాఠకుడు, టంగుటూరు)

జవాబు: చాలావరకు లోపం కవరుదే. కంపెనీ సీటులో ఐసోఫిక్స్ కడ్డీల దగ్గర గుడ్డకు చీలికో, ప్లాస్టిక్ మూతో, చిన్న జిప్పో ఉంటుంది. బయట కుట్టించిన కవరు ఆ సందును మూసేస్తుంది. చీలిక ఇచ్చినా కింద వేసిన స్పాంజి కడ్డీకి అడ్డంగా పొంగుకొస్తుంది. చైల్డ్ సీటు కొక్కెం కడ్డీని కరిచేలోగానే స్పాంజి దాన్ని వెనక్కి నెట్టేస్తుంది.

కడ్డీల దగ్గర కవరును పక్కకు లాగి, టార్చి వేసి చూడండి. రెండు కడ్డీలూ పూర్తిగా కనబడాలి. సీటుతో పాటు రెండు ప్లాస్టిక్ గొట్టాల లాంటి గైడ్లు వస్తాయి, వాటిని కడ్డీలకు తగిలిస్తే స్పాంజి పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు చైల్డ్ సీటు వెనక కొక్కేలున్న చేతులను పూర్తిగా బయటికి లాగి, రెండింటినీ ఒకేసారి తిన్నగా నెట్టండి. ఒక మూల ముందు పడితే సీటు ఏటవాలై రెండోది కుదరదు. రెండు పక్కలా 'టిక్' వినబడాలి, రెండు పక్కలా గుర్తు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారాలి. ఒక్క పక్కే ఆకుపచ్చ వచ్చిందంటే సీటు బిగియనట్టే. ఆ తర్వాత సీటును కారు వీపుకు ఆనేదాకా వెనక్కి నెట్టి, గట్టిగా ముందుకు గుంజి చూడండి.

అప్పటికీ కుదరకపోతే వెనక సీటు కవరు తీసేయండి. ఆ స్పాంజి మెత్త బరువు కింద అణుగుతుంది. ఇవాళ బిగుతుగా కనబడిన సీటు పది రోజుల్లో వదులవడానికి కారణం అదే. ముందు సీట్ల కవర్ల విషయంలోనూ జాగ్రత్త: సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో దాని కుట్టు దగ్గర కవరు అడ్డం రాకూడదు.

ప్రశ్న: నెల్లూరు నుంచి తిరుపతికి నెలకోసారి వెళ్తాం. ఏడు నెలల మనవడిని నా ఒళ్లోనే పెట్టుకుంటాను, గట్టిగానే పట్టుకుంటాను. దీనికి వేలు పోసి సీటెందుకని నా కోడలితో వాదిస్తున్నాను. మీరేమంటారు?
(ఓ నాయనమ్మ, కోవూరు)

జవాబు: అమ్మా, మీ కోడలి మాటే నిజం. మీరు ఎంత గట్టిగా పట్టుకున్నా ఆపలేని బలం అది. గంటకు 50 కి.మీ. వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. దేన్నన్నా ఢీకొని ఆ వేగం అర మీటరు దూరంలో ఆగిపోతే, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో సుమారు 200 కిలోల బలంతో ముందుకు దూసుకుపోతాడు. రెండు క్వింటాళ్ల బియ్యాన్ని చేతులతో అలా ఆపగలిగే మనిషి లేరు. హైవే మీద కారు 80లో, 100లో పోతుంది. మిమ్మల్నీ బిడ్డనూ కలిపి ఒకే బెల్టులో చుట్టుకోవడం ఇంకా ప్రమాదం, మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది.

సీటు మీ పక్కనే పెట్టించుకోండి. చెయ్యి వేసి జోకొట్టొచ్చు, పాటా పాడుకోవచ్చు. గంటన్నరకో రెండు గంటలకో ఎక్కడన్నా ఆగి బిడ్డను బయటికి తీసి ఆడించండి. చంటిబిడ్డలు సీటులో అంతకుమించి ఏకబిగిన ఉండకూడదు.

ప్రశ్న: మా పాత క్రాసోవర్‌కి ఐసోఫిక్స్ లేదు. బెల్టుతో బిగించిన సీటు ఎప్పుడూ ఊగుతుంటుంది. బెల్టుతో పెట్టే సీట్లు పనికిరావా?
(ఓ తండ్రి, పొదిలి)

జవాబు: సరిగ్గా బిగిస్తే బెల్టు సీటు కూడా బిడ్డను అంతే బాగా కాపాడుతుంది. ఐసోఫిక్స్‌లో ఉన్న లాభమల్లా తప్పు చేసే అవకాశం తక్కువ కావడమే.

ముందు సీటును కారు మెత్త మీద పెట్టి వీపుకు ఆనించండి. కారు హెడ్‌రెస్ట్ సీటును ముందుకు నెడుతుంటే దాన్ని పైకి లేపండి, లేదా చైల్డ్ సీటు మాన్యువల్ ఒప్పుకుంటే తీసేసి డిక్కీలో కట్టి ఉంచండి. బెల్టు దారి గుర్తులకు రంగులుంటాయి: వెనక్కి తిప్పి పెట్టేటప్పుడు నీలం గుర్తుల వెంట, ముందుకు తిప్పి పెట్టేటప్పుడు ఎర్ర గుర్తుల వెంట పోనివ్వాలి. బెల్టు ఎక్కడా మెలి పడకూడదు. క్లిప్పు పెట్టాక ఒక మోకాలు సీటు మీద వేసి మీ బరువంతా దాని మీద మోపండి. ఈ పని మోచేతితో చేస్తే చాలదు. అలా నొక్కి ఉంచే, నడుము మీది బెల్టును ముందు లాగండి, ఆ మిగులును భుజం బెల్టు వైపు లాగేయండి. చివరికి సీటు మీదున్న లాక్ మూత వేయండి.

మీ సీటు ఊగడానికి ఆ మూత వేయకపోవడమే కారణమై ఉండొచ్చు. మన కార్లలో వెనక బెల్టులు సాధారణంగా బ్రేకు పడినప్పుడు మాత్రమే బిగుసుకుంటాయి, మామూలప్పుడు లాగితే వస్తూనే ఉంటాయి. పొదిలి నుంచి ఒంగోలు దాకా పడే ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకరుకూ బెల్టు కొంచెం కొంచెం సాగుతుంది. ఆ సాగుడును ఆపేది లాక్ మూతే.

తర్వాత పరీక్ష. బెల్టు పోయే దారి దగ్గర సీటును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ ఆడించండి. 2.5 సెంటీమీటర్లకు, అంటే అంగుళానికి మించి కదలకూడదు. సీటు తల భాగం పట్టుకుని ఊపితే ఎంత బాగా బిగించినదైనా కదులుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

ఒక లోపాన్ని మాత్రం ఎంత బిగించినా సరిచేయలేరు. కొన్ని కార్లలో బెల్టు క్లిప్పు కాడ పొడుగ్గా ఉంటుంది. అప్పుడు క్లిప్పు పెట్టె సరిగ్గా చైల్డ్ సీటు ప్లాస్టిక్ అంచు మీదికి వచ్చి పడుకుంటుంది. బలం పడినప్పుడు ఆ అంచు మీద అది విరగనూ వచ్చు, విడిపోనూ వచ్చు. అలా ఉంటే వెనక సీట్లో రెండో పక్క పెట్టి చూడండి, అక్కడా అంతే అయితే ఆ సీటు మీ కారుకి కాదు. బెల్టు పొడవు చాలక చంటిబిడ్డ సీటు చుట్టూ తిరగకపోయినా అదే మాట. బజారులో దొరికే బెల్టు పొడిగింపు ముక్కలు తెచ్చి అతకొద్దు.

ప్రశ్న: ముందుకు తిరిగిన సీటుకి వెనక ఒక పట్టీ, కొక్కెం ఉన్నాయి. డిక్కీ పక్కన సామాను కట్టే రింగుకి తగిలించాను. సరిపోతుందా?
(ఓ పాఠకుడు, కావలి)

జవాబు: సరిపోదు, ఇవాళే మార్చండి. ఆ పట్టీ పేరు టాప్ టెదర్. సామాను రింగు ఆ బలానికి చేసింది కాదు, పైగా పక్కనుంచి లాగుతుంది. టెదర్ కొక్కెం పెట్టే చోటు చాలా క్రాసోవర్లలో వెనక సీటు వీపుకు వెనకవైపు, డిక్కీ తెరిస్తే కనబడేలా ఉంటుంది. కొన్నిటిలో డిక్కీ నేల మీద, కొన్నిటిలో పైకప్పులో ఉంటుంది. దాని పక్కన లంగరు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ లేని రింగు ఏదైనా సామానుకే.

పట్టీ హెడ్‌రెస్ట్ మీదుగా పోకుండా రెండు కాడల మధ్య నుంచి, కింద పోవాలి. పట్టీ రెండు పాయలుగా ఉంటే చెరో పక్క నుంచి పోతుంది. పార్సిల్ ట్రే అడ్డొస్తే తీసేయండి. పట్టీని బిగుతుగా లాగాలి, వదులుగా వేలాడితే ఉన్నా లేనట్టే. ఈ ఒక్క పట్టీ వల్ల ప్రమాదంలో బిడ్డ తల ముందుకు పోయే దూరం 10 నుంచి 15 సెంటీమీటర్లు తగ్గుతుంది. నాలుగు మీటర్ల లోపు కారులో ముందు సీటు వీపుకు తల కొట్టుకోకుండా కాపాడేది ఆ దూరమే.

కొన్ని సీట్లకు టెదర్ బదులు నేలకు ఆనే సపోర్ట్ లెగ్ ఉంటుంది. మీ కారులో కాళ్ల దగ్గర నేల కింద సామాను అర ఉంటే దాని మూత మీద ఆ లెగ్ ఆనించకూడదు, మూత విరిగిపోతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అక్క వాళ్ల పిల్లల సీటు పంపిస్తానంటోంది. అక్కడి సీటు మన కారుకి పనికొస్తుందా?
(ఓ చెల్లెలు, ఆత్మకూరు)

జవాబు: ముందు రెండు సంగతులు కనుక్కోండి. అది ప్రమాదంలో పడిన కారులోది కాకూడదు. సీటు అడుగున ప్లాస్టిక్ మీద తయారీ తేదీ, వాడకం గడువు అచ్చు వేసి ఉంటాయి. సాధారణంగా 6 నుంచి 10 ఏళ్లు. గడువు దాటితే ఉచితంగా వచ్చినా వద్దు. విమానంలో సామానుతో వేస్తే దెబ్బ తినే అవకాశం ఉంది కాబట్టి పెట్టెలో పెట్టి పంపమనండి, వచ్చాక పగుళ్లు చూసుకోండి.

ఇక అమర్చడం. అక్కడి సీట్లకు గట్టి చేతుల బదులు తరచు కొక్కేలున్న మెత్తటి పట్టీ ఉంటుంది. అది మన ఐసోఫిక్స్ కడ్డీలకు తగులుకుంటుంది, టెదర్ కొక్కెం కూడా సరిపోతుంది. బిడ్డ బరువు, సీటు బరువు కలిపి 29.5 కిలోలు దాటితే ఆ పట్టీ వాడకూడదు. కొన్ని సీట్లకు హద్దు ఇంకా తక్కువ ఉంటుంది, చీటీ చూడండి.

బెల్టుతో బిగించాల్సి వస్తేనే చిక్కు. అక్కడి కార్ల బెల్టులు పూర్తిగా బయటికి లాగి వదిలితే 'టక టక' మంటూ లోపలికి పోయి అక్కడే బిగుసుకుంటాయి. ఆ సీట్లు దాన్ని నమ్ముకుని చేసినవి. మీ కారు బెల్టు పూర్తిగా లాగి వదిలి చూడండి. ఆ చప్పుడు రాకపోతే సీటులోనే లాక్ ఉండాలి, లేదా సీటుతో వచ్చే ఇనుప లాకింగ్ క్లిప్పు వాడాలి. అది బెల్టు క్లిప్పు నాలుక నుంచి 2.5 సెంటీమీటర్ల లోపే పడాలి. ఛాతీ మీద పెట్టే చిన్న క్లిప్పు చంక ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు.

ప్రశ్న: పాపకి ఏడాది నిండింది. కాళ్లు కారు సీటు వీపుకు తగులుతున్నాయి. ముందుకు తిప్పేయొచ్చా? పోనీ ముందు సీట్లో నా పక్కన పెట్టుకోవచ్చా?
(ఓ తల్లి, దర్శి)

జవాబు: రెండూ వద్దు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెట్టడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోగా పేలి సరిగ్గా బిడ్డ తల వెనకున్న సీటు వీపును కొడుతుంది.

కాళ్లు తగలడం తిప్పడానికి కారణం కాదు. బిడ్డ కాళ్లు ముడుచుకుని హాయిగానే కూర్చుంటుంది. తల సంగతి చూడండి. ఈ వయసులో ఒళ్లంతటితో పోలిస్తే తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. ముందుకు తిరిగి ఉంటే ఢీకొన్నప్పుడు ఆ తల బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే అదే బలం వీపంతటా పరుచుకుంటుంది. ఐ-సైజ్ అని పిలిచే ఐరోపా ఆర్129 ప్రమాణంలో 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పడం నిషేధం. మీ సీటు వెనక్కి తిప్పి ఎంత బరువు దాకా ఒప్పుకుంటుందో అంతదాకా అలాగే ఉంచండి. బిడ్డ తల సీటు పై అంచు దాకా వస్తే అప్పుడు పెద్ద సీటుకు మారండి.

పట్టీల ఎత్తు కూడా ఈ సందర్భంలోనే చూసుకోండి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు భుజానికి సమానంగా గానీ కొంచెం కిందుగా గానీ రావాలి, ముందుకు తిప్పాక భుజానికి సమానంగా గానీ కొంచెం పైన గానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడత పెట్టడానికి చూడండి. మడత పడిందంటే వదులుగా ఉన్నట్టు. బిడ్డను దుప్పట్లో చుట్టి పట్టీలు పెట్టొద్దు. పట్టీలు పెట్టాక పైన కప్పండి.

ప్రశ్న: మా ఇంట్లో బొలెరో. వెనక పక్కలకు తిరిగిన సీట్ల మీద చైల్డ్ సీటు కట్టొచ్చా?
(ఓ రైతు, ఉదయగిరి)

జవాబు: కట్టకూడదు. ముందుకు చూసే సీటు మీదే ఏ చైల్డ్ సీటైనా పనిచేస్తుంది. మధ్య వరసలో మూడు పాయింట్ల బెల్టు ఉంటే అక్కడ పెట్టండి.

ప్రశ్న: పిల్లలకి సీటు లేకపోతే జరిమానా ఉందా? కొనేటప్పుడు ఏ ముద్ర చూడాలి?
(ఓ పాఠకుడు, కనిగిరి)

జవాబు: ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయలు. సీటు మీద మన దేశపు ఏఐఎస్-072 గానీ, ఐరోపా వాళ్ల ఆర్44, ఆర్129 గానీ ఉన్న చీటీ వెతకండి. ఆర్44 చీటీ నారింజ రంగులో ఉంటుంది, వలయంలో ఇంగ్లిషు 'ఇ' అక్షరం, బిడ్డ బరువు హద్దు ఉంటాయి. చీటీ లేకుండా బెల్టు పట్టీలు మాత్రమే కుట్టిన గుడ్డ మెత్తలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. వాటి జోలికి పోకండి.

కారు ఎంచుకునేటప్పుడు, కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు మార్కులిచ్చే భారత్ ఎన్‌క్యాప్ ఫలితాల్లో పిల్లల భాగం విడిగా చూడండి. అది 49 మార్కులకు ఉంటుంది: ఢీకొట్టే పరీక్షకు 24, చైల్డ్ సీట్లు ఎంత బాగా అమరుతాయనే దానికి 12, కారులోని ఏర్పాట్లకు 13. మీకు రోజూ పనికొచ్చేది ఆ 12.

ప్రశ్న: బాబుకి ఏడేళ్లు, 22 కిలోలు. సీటు చాలడం లేదు. ఇక కారు బెల్టే పెడితే పోదా?
(ఓ తండ్రి, చీమకుర్తి)

జవాబు: ఇప్పుడే వద్దు. బాబును బెల్టుతో కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా ఆనిస్తే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా? నడుము బెల్టు తొడల మొదట్లో, తుంటి ఎముకల మీద ఉందా, పొట్ట మీదికి పోతోందా? భుజం బెల్టు భుజం నడిమధ్య ఉందా, మెడకు రాసుకుంటోందా? ఏ ఒక్కటి కుదరకపోయినా బూస్టర్ (బాబును ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టు సరైన చోట పడేలా చేసే సీటు) కావాలి. పిల్లలు 145 సెం.మీ. ఎత్తు దాకా ఎదిగితే గానీ ఇవన్నీ కుదరవు. వీపు ఉన్న బూస్టరే తీసుకోండి, తూగుతూ నిద్రపోయినా తల పక్కకు ఒరిగిపోదు.

క్రాసోవర్లలో వచ్చే చిక్కొకటి ఉంది. బెల్టు క్లిప్పు సీటు మెత్తలోకి దిగి ఉంటే వెడల్పు బూస్టర్ దాన్ని కప్పేస్తుంది, బాబు చెయ్యి అందదు. అడుగు సన్నగా ఉన్న బూస్టర్ చూసుకోండి. బాబు లేనప్పుడు ఖాళీ బూస్టర్‌కు కూడా బెల్టు పెట్టి ఉంచండి, లేకపోతే బ్రేకు పడితే ఎగిరి ఎవరికో తగులుతుంది.

ప్రశ్న: కొత్తపట్నం బీచికి వెళ్లొచ్చాక సీటు బకిల్ సరిగ్గా పడటం లేదు. కొబ్బరినూనె వేయొచ్చా?
(ఓ తల్లి, ఒంగోలు)

జవాబు: ఏ నూనే వేయొద్దు. నూనెకు ఇసుక ఇంకా అంటుకుంటుంది, లోపలి ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. బిడ్డ కాళ్ల మధ్య ఉండే ఆ బకిల్ నోరు పైకి ఉంటుంది కాబట్టి తడి ఇసుక, బిస్కెట్ పొడి, పాల చుక్కలు అన్నీ అందులోనే పడతాయి. నాలుక సగమే దిగి, 'టిక్' అన్నట్టే ఉంటుంది. లాగితే ఊడి వస్తుంది. అందుకే పెట్టిన ప్రతిసారీ ఒకసారి పైకి గుంజి చూడాలి.

సీటు కింద నుంచి బకిల్‌ను విప్పి బయటికి తీయగలిగితే తీయండి. నోరు కిందికి వచ్చేలా పట్టుకుని, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, ఎర్ర బొత్తాం నొక్కుతూ వదులుతూ ఇసుక రాలనివ్వండి. సబ్బు వద్దు. పట్టీని మాత్రం నీళ్లలో నానబెట్టొద్దు, బ్లీచింగు, ఇస్త్రీ అసలే వద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. నీడలో ఆరాక నాలుకలు పెట్టి తీసి పదిసార్లు చూడండి. అప్పటికీ ఒక్కసారి తప్పినా కంపెనీ నుంచి కొత్త బకిల్ తెప్పించుకోవాలి. సీటు ముందు కింద పట్టీ బిగించే బొత్తాం సందులోనూ ఇసుక చేరుతుంది, అక్కడ మెత్తటి పాత బ్రష్‌తో దులపండి.

ఎండాకాలం ఇంకో మాట. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము బిడ్డ తొడకు బొబ్బ లేచేంత కాలుతుంది. కారు దిగేటప్పుడే సీటు మీద తెల్ల దుప్పటి కప్పండి, ఎక్కించేముందు బకిల్‌ను మీ ముంజేతికి ఆనించి చూడండి. బిడ్డను మాత్రం, ఏసీ వేసి ఉన్నా, అద్దం కొంచెం దించినా, ఒక్క నిమిషం కూడా కారులో ఒంటరిగా వదలొద్దు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది.